సీలు కవరులో ఒక అక్షరం

ముంతలపేట పురపాలక సంఘానికి ఆ సర్క్యులర్ సోమవారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు వచ్చింది. అందులో చెప్పిన పని పన్నెండు కొట్టేలోపే అయిపోయింది. అయిపోయిన పని ఎవరికీ అక్కర్లేకపోవడం వల్ల ఇంత కథ జరిగింది.

పని పెద్దదేం కాదు. ఊళ్ళో జనం పుట్టిన సర్టిఫికెట్లకీ, కుళాయి కనెక్షన్లకీ దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైటు ఒకటుంది. అందులో ఏం రాసినా ఇంతకాలం పోస్టుకార్డులా వెళ్ళేది, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఇకమీదట ప్రతి పేజీ అంటించిన కవరులా వెళ్ళాలని, పోస్టుకార్డులా వచ్చేదాన్ని అసలు తీసుకోకూడదని సర్క్యులర్ సారాంశం. జిల్లా కేంద్రంలో కూర్చున్న టెక్నీషియన్ ఎవరో ఏదో మార్చాడు. అంతే, చిరునామా పక్కన చిన్న తాళం బొమ్మ వచ్చింది.

మూడో కౌంటరు ఆపరేటరు ఈశ్వరి ముప్పై ఎనిమిది పేజీలూ ఒక్కొక్కటే తెరిచి, తాళం ఉందని చూసుకుని, నోటుబుక్కులో టిక్కు పెట్టుకుంది. తర్వాత మేనేజరు సాంబమూర్తి గారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"పని అయిపోయింది సార్."

"ఏ పని?"

"సర్క్యులర్ పని. పేజీలన్నిటికీ తాళం వచ్చింది."

"ఎప్పుడు?"

"ఇందాకే సార్."

సాంబమూర్తి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఎదుటి మనిషి మీద జాలి పడుతున్నారని ఆఫీసులో అందరికీ తెలుసు.

"ఇందాకే అయిపోతే ఎట్టమ్మా? ఏడో పేరా చదివావా? 'ఈ విషయమున తీసుకొనిన చర్యలను ప్రతి శుక్రవారము ఛాయాచిత్రములతో సహా నివేదించవలెను.' నాలుగు శుక్రవారాలు నివేదించాలి. పని ఇయ్యాలే అయిపోతే ఆ నాలుగు శుక్రవారాలు ఏం పంపమంటావ్, మీ ఊరి తిరణాల ఫోటోలా?"

ఈశ్వరిది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి మార్చిలో దాని ప్రాణం మేనేజరు గారి సంతకంలో ఉంటుంది. వెనక్కి వచ్చి కూర్చుంది.

కమిషనర్ విద్యాధరరావు గారు వచ్చి రెండు నెలలైంది. ఆయన చిన్నప్పటి నుంచి ఎక్కడో చల్లటి కొండ మీద కాన్వెంటులో చదువుకున్నారు. తెలుగు చదవగలరు, కాకపోతే వేడి అన్నం తిన్నట్టు ఆగి ఆగి. ఆయన సర్క్యులరును రెండుసార్లు చదివి, నాలుగో పేరా కింద ఎర్ర గీత గీశారు: 'పౌరునికిని కార్యాలయమునకును మధ్య ఏ సమాచారమును బట్టబయలుగా ప్రయాణింపరాదు.' గీత గీసినాక, అసలు ప్రయాణం ఎలా జరుగుతోందో చూద్దామని మంగళవారం కింది హాల్లోకి దిగి, స్తంభం వెనక నిలబడ్డారు.

అప్పుడు మూడో కౌంటరు ముందు నూర్బాషా మస్తానమ్మ ఉంది. బస్టాండు వెనక పరుపులు కుడుతుంది. ఎంత దులుపుకున్నా జుట్టులో నాలుగు దూది పింజలు ఉండనే ఉంటాయి. పక్కన కూతురు రేష్మ రెండు జడలు, ఎర్ర రిబ్బన్లతో కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్, మా పిల్లని మగోడని రాశారే మీవోళ్ళు!"

"ఎప్పుడమ్మా?"

"పుట్టినప్పుడే. మేం చూసుకోలా. ఇప్పుడు గురుకులంలో ఐదో తరగతి సీటొచ్చింది. సర్టిఫికెట్ చూసి, ఇది ఆడపిల్లల బడి, మీ అబ్బాయిని ఇంకోచోట చేర్చుకోండి అన్నారు. నెలాఖరు శుక్రవారం ఐదింటిదాకా టైమిచ్చారు. ఆ తర్వాత సీటు ఇంకోళ్ళకి పోద్దంట."

"పిల్లని ఎదురుగా నిలబెట్టకపోయావా మస్తానమ్మా!" వరసలో వెనకున్న పెద్దాయన అడిగాడు.

"నిలబెట్టా. రిబ్బన్లు సర్టిఫికెట్ కాదన్నారు."

"మా బావమరిదికి ఇట్టనే అయింది. చచ్చిపోయాడని రాశారు. బతకడానికి ఐదేళ్ళు తిరిగాడు."

"మరి బతికాడా?"

"బతికినట్టు కాగితం వచ్చింది. అది చూసుకుని ఆ ఏడే పోయాడు పాపం."

వరసంతా నవ్వింది. ఎవరో మస్తానమ్మకు కలం ఇచ్చారు, ఇంకెవరో ఏ గడిలో ఏం రాయాలో చెప్పారు. ముంతలపేటలో దరఖాస్తు ఎప్పుడూ ఒక్కళ్ళు నింపరు. వరస మొత్తం నింపుతుంది.

స్తంభం వెనక కమిషనర్ గారికి చెమటలు పట్టాయి. పది నిమిషాల్లో ఆయనకు ఊళ్ళో ఇద్దరి రోగాలు, ఒకరి విడాకులు, ఒక బావమరిది రెండు మరణాలు తెలిసిపోయాయి.

"అంతా బట్టబయలు!" అన్నారు పైకి వచ్చి. "పేజీలకు తాళం వేశాం. మనుషుల నోళ్ళు తెరిచే ఉన్నాయి."

మధ్యాహ్నం మీటింగు పెట్టారు. కౌంటరు దగ్గర మాట, కాగితం మీద రాత, రెండూ ఇకనుంచి గూఢంగానే నడవాలన్నారు కమిషనర్ గారు. ఒక కంపెనీని అడిగితే అలాంటి లిపి తయారు చేయడానికి ఎనిమిది నెలలు పడుతుందన్నారట. శుక్రవారం మూడు రోజుల్లో ఉంది.

సాంబమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "సార్, చిన్నప్పుడు మా అక్కయ్యలు మాకు తెలియగూడని సంగతులు ఒక పద్ధతిలో మాట్లాడుకునేవాళ్ళు. కమీకరు కచాకలా కతెకలికవైకనకవాకరు కసార్."

"ఏమిటది?"

"మీరు చాలా తెలివైనవారు సార్ అన్నాను."

"ఒక్క ముక్క అర్థం కాలేదు! గట్టి విధానమే!" కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. "దీన్ని విప్పే కీ ఏమిటి?"

"ప్రతి అక్షరం ముందూ..."

"ఆగండి!" కమిషనర్ గారు అరచెయ్యి అడ్డం పెట్టారు. "చెప్పకండి. కీ ఎంత తక్కువమందికి తెలిస్తే అంత భద్రం. ముఖ్యంగా నాకు తెలియకూడదు. ఎవరైనా అడిగితే తెలియదని నిజాయితీగా చెప్పగలగాలి. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేయండి."

బల్ల చివర కూర్చుని మినిట్స్ రాస్తున్న ఈశ్వరి పెన్ను ఆగింది. అది క భాష. వాళ్ళ ఊరి బడిలో రెండో తరగతి దసరా సెలవుల్లోపు ఆడపిల్లలందరికీ వచ్చేసేది. వెనక బెంచీలో మాట్లాడుకుంటే, బోర్డు మీద లెక్క రాస్తున్న టీచరమ్మ ఇటు తిరక్కుండానే అదే భాషలో జవాబు చెప్పేది.

"సార్," అంది మెల్లగా. "ఇది అందరికీ తెలుసు."

"నాకు తెలియదే?"

"మీకు తప్ప సార్."

"నాకే తెలియనిది అందరికీ ఎలా తెలుస్తుందమ్మా?"

ఈశ్వరి మినిట్స్‌లో 'సభ్యులు ఏకగ్రీవముగా ఆమోదించిరి' అని రాసుకుంది.

మొదటి శుక్రవారం నివేదికలో సీలు వేసిన కవరు ఫోటో వెళ్ళింది. లోపల ఒకే ఒక్క అక్షరం. కవరును ఇనప బీరువాలో పెట్టారు. ఉత్తర్వు ఇలా ఉంది: 'కార్యాలయమునకు వచ్చు సమస్త వాక్కులును వ్రాతలును ఆమోదిత గూఢ విధానముననే స్వీకరింపబడును. సాదాగా వచ్చినవి నిర్ద్వంద్వముగా తిరస్కరింపబడును. గూఢపరచినవారే విప్పరాదు. ఆమోదించు అధికారియే స్వయముగా విప్పి చదువవలెను.'

రెండో వారం సాంబమూర్తి గారికి నిద్ర పట్టలేదు. కీ అక్షరం ఆఫీసు గోడల నిండా రాసి ఉంది! 'కార్యాలయము'లో ఉంది, 'కమిషనర్'లో ఉంది, 'పురపాలక'లో ఉంది, 'ఉమ్మివేయకూడదు'లో కూడా ఉంది.

"సార్, కీ బహిరంగంగా వేలాడుతోంది," అని చెప్పారు.

"ఎక్కడ? వద్దు, చెప్పకండి. చెరిపించండి."

పెయింటరు వచ్చి బోర్డుల మీద ఆ ఒక్క అక్షరాన్నీ తెల్ల రంగుతో పూసేశాడు. ఉమ్మివేయవద్దనే బోర్డులో మధ్య అక్షరం పోవడంతో, వద్దంటున్నారో ఉమ్మమంటున్నారో అర్థంకాక జనం ఇబ్బంది పడ్డారు. కమిషనర్ గారు మాత్రం పోయిన అక్షరమేదో కంటపడుతుందని, గేటు నుంచి గదిదాకా తల వంచుకుని నడిచేవారు. ఆయనంత వినయం గల అధికారిని చూడలేదని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ శుక్రవారం బోర్డుల ఫోటోలు వెళ్ళాయి.

మూడో వారం కీబోర్డుల వంతు. అటెండరు స్క్రూడ్రైవరుతో ప్రతి కంప్యూటరు మీదా ఆ అక్షరం మీట ఊడబెరికి, అన్నిటినీ పొట్లం కట్టి బీరువాలో కవరు పక్కన పెట్టాడు.

"సార్, దరఖాస్తులో ప్రతి అక్షరం ముందూ ఆ అక్షరమే కదా కొట్టాలి?" అని అడిగింది ఈశ్వరి.

"అవును."

"మీట లేకుండా ఎట్టా కొట్టేది?"

"అదేనమ్మా భద్రతంటే," అన్నారు సాంబమూర్తి గారు.

ఈశ్వరి అక్షరానికీ అక్షరానికీ మధ్య జాగా వదిలి టైపు చేసి, ప్రింటు తీశాక పెన్నుతో నింపడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి సాయంత్రానికి చూపుడువేలు మీద గుంట పడేది.

హాల్లో మాత్రం పండగలా ఉండేది. జనానికి చిన్నప్పటి ఆట ఇన్నేళ్ళకి ప్రభుత్వ ఖర్చుతో తిరిగొచ్చింది. గుర్తులేనివాళ్ళకి రేష్మ వరసలో అటూ ఇటూ తిరిగి నేర్పేది.

"కమా కపికల్లకది కఏకమైంకది?" అని మస్తానమ్మ అడిగేది. మా పిల్లది ఏమైంది అని.

"కపైకన కఉంకది," అనేది ఈశ్వరి. పైన ఉంది అని.

'కమిషనరు' అనవలసి వచ్చినప్పుడు అది 'కకకమికషకనకరు' అయ్యేది. బావమరిది పెద్దాయన దాన్ని పూర్తి చేసేలోపు దగ్గు తెర వచ్చి, ఎవరో ఒకరు మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చేది. గూఢంగా చెప్పే సంగతి కదా, స్పష్టంగా వినపడాలని అందరూ మునుపటికన్నా గట్టిగా మాట్లాడేవారు. అందరి రోగాలూ, విడాకులూ అందరికీ మునుపటిలాగే తెలిసేవి. తెలియనిది కమిషనర్ గారొక్కరికే.

దాంతో ఫైళ్ళు పైకి వెళ్ళినవి వెళ్ళినట్టే ఉండిపోయాయి. మస్తానమ్మ నాలుగోసారి వచ్చి వెళ్ళిన రోజు ఈశ్వరి మేనేజరు గారి బల్ల దగ్గర నిలబడింది.

"సార్, ఆ పిల్ల సర్టిఫికెట్. ఎల్లుండి శుక్రవారం ఆఖరి రోజు."

"కమిషనర్ గారు విప్పి చదవాలమ్మా."

"చదవమనండి సార్."

"కీ కావాలి."

"బీరువాలోనే ఉందిగా."

"కవరు తెరవాలంటే కమిషనర్ గారి లిఖితపూర్వక ఉత్తర్వు కావాలి."

"రాయమనండి సార్."

"రాతలన్నీ గూఢ విధానంలోనే ఉండాలి. ఆయనకు ఆ విధానం రాదు. రావాలంటే కవరు తెరవాలి."

"పోనీ మీరు చదివి చెప్పండి సార్."

"ఆమోదించే అధికారే స్వయంగా విప్పాలి. నేను రాసిన నిబంధనే." ఆయన కళ్ళజోడు తీశారు. ఈసారి జాలి ఎవరి మీదో తెలియలేదు. "ఆ పిల్ల బాగా చదువుద్దంటగా?"

"మీ భాష అందరికీ నేర్పింది ఆ పిల్లే సార్."

నాలుగో శుక్రవారం తనిఖీ. నెల రోజుల్లో ఒక్క సమాచారం కూడా బయటికి పొక్కని ఏకైక పురపాలక సంఘమని పేరు రావడంతో, రాజధాని నుంచి అదనపు సంచాలకులు భ్రమరాంబ గారే స్వయంగా వచ్చారు. యాభై దాటిన మనిషి. నేత చీర, చేతికి ఒక గడియారం. గేటు దగ్గరే ఆగి, అక్షరాలు రాలిన బోర్డును కింద నుంచి పైదాకా చూశారు.

హాల్లో కుర్చీలు వేశారు. వరసలో జనం ఉన్నారు. మస్తానమ్మ, రేష్మ పొద్దున తొమ్మిదింటికే వచ్చి అక్కడే ఉన్నారు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

"ఈ నెల ఎన్ని దరఖాస్తులు వచ్చాయి?"

"రెండు వందల పద్నాలుగు మేడం," అన్నారు కమిషనర్ గారు.

"ఎన్ని పరిష్కరించారు?"

"లీకేజీ సున్నా మేడం."

"నేనడిగింది పరిష్కారం."

"పరిష్కారం కూడా సమాచారమే కదా మేడం. బయటికి వెళ్తే మనమే చేజేతులా లీక్ చేసినట్టు."

భ్రమరాంబ గారు గడియారం సర్దుకున్నారు. "ఏదో ఒక దరఖాస్తు తెప్పించండి."

పైనున్న ఫైళ్ళన్నీ తనిఖీ కోసం అదే వరసలో కిందికి దించి, మూడో కౌంటరు వెనక బీరువాలో పేర్చారు. సాంబమూర్తి గారు ఈశ్వరి వైపు చూసి తలూపారు. ఏదో ఒకటి అన్నమాట ఈశ్వరి స్పష్టంగా విన్నది. వెళ్ళి, రెండు వందల పద్నాలుగు ఫైళ్ళలో ఎడమవైపు నుంచి తొంభై రెండోదాన్ని తీసింది. అది ఎక్కడుందో ఆమెకు మూడు వారాలుగా తెలుసు.

కమిషనర్ గారు ఫైలు అందుకుని, తెరిచి, ఎంతో లోతుగా చూశారు. "ఇది... చాలా పటిష్టంగా ఉంది మేడం."

"ఏముంది అందులో?"

"కుళాయి విషయం అనుకుంటాను."

వరసలోంచి కిసుక్కుమన్నారు. రేష్మ ఇక ఆగలేకపోయింది. వాళ్ళమ్మ చెయ్యి విదిలించుకుని ముందుకొచ్చింది.

"కకుకళాకయి కకాకదు! కనేకను కఆకడకపికల్లకని!"

కుళాయి కాదు, నేను ఆడపిల్లని. భ్రమరాంబ గారు ఆ పిల్లని రిబ్బన్ల నుంచి పాదాలదాకా చూశారు. ఆమె పెదవుల పక్కన ఏదో కదిలింది. కుర్చీలో ముందుకు వంగి, ఊపిరి తిప్పుకోకుండా అడిగారు.

"కకాకదకని కఎకవకరు కఅకన్నాకరు?"

కాదని ఎవరు అన్నారు అని. రేష్మ వేలు సూటిగా ఫైలు వైపు చూపింది.

భ్రమరాంబ గారు ఫైలు తీసుకుని, కమిషనర్ గారు వంగి చూసేలోపే మొత్తం చదివేశారు. "ఈ పిల్ల ఆడపిల్ల. మీ రికార్డులో పురుషుడని పడింది. సరిచేయమని వాళ్ళమ్మ అడుగుతోంది. ఐదింటికి గురుకులంలో గడువు ముగుస్తుంది. అభ్యంతరం ఏమైనా ఉందా?"

కమిషనర్ గారి ముఖం పాలిపోయింది. "మేడం, కీ లేకుండా ఎలా చదివారు?"

"చదువుకున్నాను కాబట్టి. సంతకం పెట్టండి."

ఈశ్వరి అప్పటికే పేజీ తెరిచి ఉంచింది. పక్కన తాళం బొమ్మ నెల రోజులుగా తన పని తాను చేసుకుంటూనే ఉంది. 'బాలిక' అని కొట్టబోతుంటే సాంబమూర్తి గారు వెనక నుంచి గాభరాగా వంగారు. "అందులో కీ ఉందమ్మా! స్త్రీ అని కొట్టు!" స్త్రీ అనే కొట్టింది. మీట ఎలాగూ లేదు. నాలుగూ పదికి ప్రింటు వచ్చింది, నాలుగూ పన్నెండుకి సంతకం పడింది. బావమరిది పెద్దాయన అప్పటికే బయట ఆటో ఆపి కేకేస్తున్నాడు. మస్తానమ్మ కాగితాన్ని కొంగులో చుట్టుకుని పరుగెత్తింది. గుమ్మం దగ్గర రేష్మ ఒక్కసారి వెనక్కి తిరిగి ఈశ్వరికి చెయ్యి ఊపింది.

భ్రమరాంబ గారు లేస్తూ కమిషనర్ గారితో చివరిగా ఒక్కమాట అన్నారు. "కఈ కపికచ్చి కమాకనంకడి."

ఈ పిచ్చి మానండి అని. వరసంతా ఘొల్లుమంది. కమిషనర్ గారు ఎంతో మర్యాదగా తల వంచి, "థాంక్యూ మేడం," అన్నారు.

ఆ శుక్రవారం నివేదికలో అదనపు సంచాలకులు గూఢ విధానంలో మౌఖికంగా ప్రశంసించినట్టు రాశారు. దాని కిందే మొదటి భద్రతా ఉల్లంఘన కూడా నమోదైంది: 'అనుమతిలేని వ్యక్తి యొకరు కీ లేకయే ఒక దరఖాస్తును చదివిరి. వ్యక్తి హోదా: అదనపు సంచాలకులు.' విధానాన్ని వెంటనే ఎత్తివేయమని వారం తర్వాత ఆమె దగ్గర నుంచి ఉత్తర్వు వచ్చింది. అది సాదా తెలుగులో ఉంది. కాబట్టి నిబంధన ప్రకారం తీసుకోకుండా తిప్పి పంపారు.

రేష్మ గడువుకు అయిదు నిమిషాల ముందు గురుకులం గేటు దాటిందని తనిఖీ తర్వాతి సోమవారమే మస్తానమ్మ వచ్చి చెప్పింది. చంకలో చిన్న మెత్త ఒకటి తెచ్చింది. పూల గుడ్డ, గట్టి కుట్టు.

"చెక్క కుర్చీలో ఎట్టా కూర్చుంటావే తల్లీ పొద్దస్తమానం? ఇది ఏసుకో."

సాంబమూర్తి గారు దూరం నుంచి చూసి దగ్గరికొచ్చారు. "ఏముంది అందులో?"

"దూది సార్."

"దూది మధ్యలో?"

"మధ్యలో కూడా దూదే సార్," అంది మస్తానమ్మ. "మీ ఫైళ్ళ మాదిరి కాదు, యాడ కోసినా ఒకటే కనపడద్ది."

అదే రోజు ఈశ్వరికి మెమో వచ్చింది. 'ఒక దరఖాస్తు పరిష్కారమగుటకు దారితీసిన పరిస్థితులను మూడు దినములలో లిఖితపూర్వకముగా వివరింపవలెను. వివరణ సంతృప్తికరముగా లేనియెడల కాంట్రాక్టు పొడిగింపబడదు.' ఈశ్వరి మెమోను రెండుసార్లు చదివింది. మెత్త మీద సర్దుకుని కూర్చుని, జాగాలు వదిలి ఒకే ఒక్క వాక్యం టైపు చేసింది. ప్రింటు తీసి, జాగాల్లో పెన్నుతో ఓపిగ్గా అక్షరాలు నింపింది. నిబంధన ప్రకారం వివరణ ఇచ్చింది.

దాన్ని కమిషనర్ గారు స్వయంగా విప్పి చదవాలి. విప్పలేదు. విప్పేదాకా విచారణ పూర్తి కాదు. విచారణ పూర్తి కాని ఉద్యోగిని తీసేయడానికి లేదు. మార్చి వచ్చి వెళ్ళింది. ఈశ్వరి మూడో కౌంటరులోనే ఉంది. ఆ కాగితం ఇప్పటికీ ఇనప బీరువాలో, సీలు కవరు కింద, ఊడబెరికిన మీటల పొట్లం పక్కన అత్యంత భద్రంగా ఉంది. ముంతలపేటలో ఏ రెండో తరగతి పిల్లని పిలిచి అడిగినా చదివి పెడుతుంది.

'పని సోమవారమే అయిపోయింది సార్' అని రాసి ఉంది అందులో.